విద్యార్థి ప్రాజెక్టుకి క్రాప్ నిషేధం అవసరమా? (పోచంపల్లి మగ్గాలు, 50 లెన్స్)

రెండో_ఏడాది

నమస్తే అండి. బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌కి పర్సనల్ ప్రాజెక్టు ఉంది. 15 ఫొటోలు, అన్నీ 12×18 అంగుళాల ప్రింట్లు. నేను ఎంచుకున్నది భూదాన్ పోచంపల్లి గుంట మగ్గాలు. కాలేజీ పెట్టిన షరతులు రెండు: మొత్తం 50 ఎం.ఎం. లెన్స్‌తోనే తియ్యాలి, తర్వాత క్రాప్ చెయ్యకూడదు, అంటే ఫొటో అంచులు కోయకూడదు. కెమెరా ఏపీఎస్-సి (ఫిల్ము ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్, 24 మెగాపిక్సెల్. కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ (కిట్) లెన్స్ కూడా ఉంది. ఇప్పటికి 600 ఫ్రేములయ్యాయి. మనిషి బాగా వస్తే మగ్గం పడట్లేదు, మగ్గం కోసం చూస్తే తల తెగుతోంది. ఈ నిషేధం నిజంగా కంపోజిషన్ నేర్పుతుందా, లేక చాదస్తమా?

నలుపు_అంచు

నేర్పుతుంది. క్రాప్ చేస్తే మారేది అంచులు మాత్రమే. మీరు నిలబడ్డ చోటు మారదు. నేతగాడి తలలోంచి స్తంభం మొలిచినట్టు కనిపిస్తోందనుకోండి, ఫొటోని ఎంత కోసినా ఆ స్తంభం తలతోనే ఉంటుంది. దాన్ని విడదీయాలంటే అరడుగు పక్కకి జరగాలి. ఇంటికెళ్లి కోసుకోవచ్చులే అన్న ధీమా ఉన్నవాడు ఆ అరడుగు జరగడు.

బటన్ నొక్కేముందు చూపు తిరగాల్సిన వరస ఇది: నాలుగు మూలలు, తర్వాత నాలుగు అంచులు, ఆఖరున మొహం. కొత్తవాళ్లు మొహంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. అందుకే తలుపు సందు నుంచి పడే తెల్లటి వెలుగు ముక్క ఏదో మూలన మిగిలిపోతుంది. ప్రింట్ చేశాక కన్ను ముందు అటే పోతుంది. చేతులు మణికట్టు దగ్గర, కాళ్లు చీలమండ దగ్గర తెగిపోయేది కూడా ఇందుకే. తెంపక తప్పకపోతే కీలు దగ్గర తెంపకండి. మణికట్టుకీ మోచేతికీ మధ్యలో తెంపితే తప్పులా కనిపించదు.

ఇంకో పని చేయండి. రోజుకి 36 ఫ్రేములే తీయండి, ఫిల్ము రోలు లెక్కన. ఒక్కటి కూడా డిలీట్ చేయకుండా, తీసిన వరసలోనే చిన్న చిన్న బొమ్మలుగా ఒకే షీటు మీద ప్రింట్ తీయించండి. వరసగా పది ఫ్రేములు ఒకేచోటు నుంచి కనిపిస్తే లెన్స్‌ని తిట్టి లాభం లేదు.

అడుగుల_లెక్క

సార్, అరడుగు జరగమంటున్నారు. ఆ గదిలో జరగడానికి చోటుండాలిగా!

లెక్క చూద్దాం. ఏపీఎస్-సి సెన్సర్ వెడల్పు సుమారు 23.5 ఎం.ఎం. దూరాన్ని దీంతో గుణించి, లెన్స్ ఎం.ఎం.తో భాగిస్తే ఆ దూరంలో ఎంత వెడల్పు ఫ్రేములో పడుతుందో తెలుస్తుంది. గోడకి వీపు ఆనిస్తే మగ్గానికి 8 అడుగులు దొరికాయనుకోండి.

50 ఎం.ఎం.కి 3 అడుగుల 9 అంగుళాలు
35కి 5 అడుగుల 4 అంగుళాలు
24కి 7 అడుగుల 10 అంగుళాలు
18కి 10 అడుగుల 5 అంగుళాలు

మూడుంముప్పావు అడుగుల్లో ఏం పడుతుంది? తల, భుజాలు, రెండు చేతులు. గుంట పడదు, కాళ్లతో తొక్కే పలకలు పడవు, సాగదీసిన పడుగు (నిలువు పోగులు) అసలే పడదు. అంటే గుంట మగ్గం అన్న మాటలో గుంటా పోయింది, మగ్గమూ పోయింది.

"50 అంటే నార్మల్ లెన్స్" అనేది ఫిల్ము రోజుల మాట, 36 ఎం.ఎం. వెడల్పు ఫ్రేముకి. ఏపీఎస్-సి మీద అదే లెన్స్ 75లా చూస్తుంది (కానన్ అయితే 80లా). ఈ షరతు వెనకున్న ఉద్దేశం నెరవేరాలంటే ఇక్కడ పెట్టాల్సింది 35, ఇంత ఇరుకు గదిలో అయితే 24. కొత్త లెన్స్ కొనక్కర్లేదు. కిట్ లెన్స్ జూమ్ రింగుని 24 దగ్గర పెట్టి టేపు అంటించండి, ప్రైమ్ లెన్స్ (జూమ్ లేనిది) అయిపోతుంది.

నలుపు_అంచు

లెక్క ఒప్పుకుంటాను. లెన్స్ మార్చమని అడగాల్సిందే. ఒకే లెన్స్ అనే పట్టు, క్రాప్ వద్దనే పట్టు మాత్రం అలాగే ఉండాలి. ఒకే కోణానికి అలవాటుపడితే కెమెరా కంటికి పెట్టకముందే ఫ్రేము ఎక్కడిదాకా వస్తుందో తెలిసిపోతుంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియర్-బ్రెస్సాన్ అన్నేళ్లు 50తో తీసింది ఊరికే కాదు.

అడుగుల_లెక్క

ఆ పేరు వస్తుందని తెలుసు :) 1932లో పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్ వెనక నీటి మడుగు మీదుగా దూకే మనిషి ఫొటో ఉందే, అది క్రాప్ చేసిందే. కంచె పలకల సందులోంచి తీశాడు, ఎడమవైపు పలక అడ్డొచ్చింది, దాన్ని కోసేశారు. 1946లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆర్నాల్డ్ న్యూమన్ తీసిన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ ఫొటోలో పియానో మూత ఫ్రేమంతా ఆక్రమిస్తుంది, మనిషి కింద మూలకి ఒదిగిపోయి ఉంటాడు. పూర్తి నెగటివ్‌లో చుట్టూ ఇంకా చాలా ఉంది. ఆ కంపోజిషన్ తేలింది క్రాప్‌లోనే. మరి దాన్ని తప్పందామా?

నలుపు_అంచు

న్యూమన్ కోసింది ఎందుకో తెలిసి కోశాడు. రెండో సంవత్సరం విద్యార్థి కోసేది తప్పు దాచుకోవడానికి. ఎక్కాలు నేర్చుకునేటప్పుడు క్యాలిక్యులేటర్ ఇవ్వనిది ఇందుకే.

బ్రెస్సాన్ విషయంలో ఆ ఫొటో మినహాయింపు. పలక అడ్డు లేకుండా తీసే దారి అక్కడ లేదు. పోచంపల్లి ఇంట్లో నేతగాడు గంటల తరబడి అదే చోట కూర్చుంటాడు. సరిగ్గా నిలబడలేకపోవడానికి అక్కడ కారణం ఏముంటుంది?

పన్నెండు_పద్దెనిమిది

ప్రింట్ వైపు నుంచి ఒక మాట. క్రాప్ చెయ్యనని భీష్మించుకున్నవాళ్ల ఫొటోలని ల్యాబ్‌వాడే కోస్తాడు, చాలామందికి తెలీదు.

మీ కెమెరా ఫ్రేము 3:2. 12×18 కూడా అదే నిష్పత్తి కాబట్టి సరిపోతుంది. ఆల్బం సైజు కదా అని 12×15 ఇచ్చారో, 18 అంగుళాల్లో 3 పోతాయి, అంటే ఆరో వంతు. 8×10 అయినా ఇదే కథ. అంచు లేకుండా వేసే ప్రింట్‌లో అటూ ఇటూ ఇంకాస్త తింటుంది. అందుకే ఫైలు చుట్టూ పావు అంగుళం తెల్ల అంచు కలిపి "ఫిట్" అని చెప్పి ఇవ్వండి. "ఫిల్" అంటే కోస్తారు.

ఇంకో తమాషా. మొదటి మెట్టు డీఎస్ఎల్ఆర్‌ల వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే కిటికీ) ఫ్రేములో సుమారు 95 శాతమే చూపిస్తుంది. మిగతా అంచు మీరు చూడకుండానే ఫైల్లో పడుతుంది. మూలలు చూసి తీయమన్న సలహా బాగానే ఉంది కానీ, మీరు చూసిన మూల ఫైల్లో మూల కాదు. చూడని అంచుని ఉంచుకోవడం క్రమశిక్షణ, కోసెయ్యడం మోసం అంటే ఎలా? కెమెరా వెనక తెర మీద చూసే లైవ్ వ్యూలో పూర్తి ఫ్రేము కనిపిస్తుంది. నిషేధం పాటించేవాళ్లు దాన్నే వాడాలి.

వంకర సరిచెయ్యడం కూడా క్రాపే. 6000×4000 ఫైలుని 2 డిగ్రీలు తిప్పి, నిష్పత్తి చెడకుండా కోస్తే మిగిలేది సుమారు 5700×3800. అది 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 12×18కి చాలు (5400×3600 కావాలి). రెండు వైపులా సగానికి కోసిన ఫైలు మాత్రం 3000×2000. అదే ప్రింట్ 166 డీపీఐకి పడిపోతుంది. చేతి దూరం నుంచి చూస్తే నూలుపోగులు మెత్తబడినట్టు తెలిసిపోతాయి. కాబట్టి నిషేధం బదులు హద్దు పెట్టండి: పొడవులో పదో వంతు మించి కోయకూడదు అని.

చిటికి_రంగు

లెన్స్ లెక్కలు మంచిగనే ఉన్నయ్ గని, తమ్మీ, ఆ ఇంట్ల ఫొటో ఎందుకు చెడుతదో ఎవ్వలూ చెప్తలేరు. 600ల సగం వెలుగుతోనే చెడి ఉంటయ్.

కిటికీ వెలుగు ఒక దిక్కు, ట్యూబ్‌లైటు ఇంకో దిక్కు. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్‌ల (ఏది తెలుపో కెమెరానే అంచనా కట్టుడు) ఉంటే ఫ్రేము ఫ్రేముకు రంగు మారుతది. నేసే ముందే పోగులకు ముడులేసి, అంటే చిటికి కట్టి, అద్దిన రంగు అది. ఎరుపు కాస్తా ఇటుక రంగు కొట్టిందంటే నేసినోళ్లు ఆ ఫొటోను మెచ్చరు. రా (RAW) ఫైల్ల తియ్యి, వైట్ బ్యాలెన్స్ ఒక్కకాడ ఫిక్స్ చెయ్యి. ట్యూబ్ బంద్ చెయ్యమని అడగకు, పోగు కనవడాలె కద పనికి. నువ్వే కిటికీ వెలుగు మొహం మీద పడే దిక్కుకు పో.

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్ సెకనుకు 100 సార్లు మిణుకుతది. షట్టర్ 1/100 గని 1/50 గని పెట్టు. 1/400 పెడితే ఒక ఫ్రేము నల్లగ, ఒకటి పచ్చగ వస్తది. లెన్స్ రంధ్రం ఎఫ్ 4, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుగు పట్టే జోరు) 1600 నుంచి 3200 దాక పోవుడుకు భయపడకు. నాడె (అడ్డపోగు మోసేది) పోయేది, చెయ్యి కదిలేది గీతలెక్క కావాల్నంటే 1/30ల తియ్యి, గని కెమెరాను స్టూలు మీదనో గోడకో ఆనించు. లేకుంటే చెయ్యితోపాటు మగ్గం గూడ ఊగినట్టు వస్తది.

పడుగు నీ దిక్కు వచ్చే గీతలు. నిలవడి పైనుంచి తీస్తే అవి చాపలెక్క పరుచుకుంటయ్, లోతు కనవడదు. మోకాళ్ల మీద కూసోని, లెన్స్‌ను పడుగు కన్న జానెడు పైన పెడితే గీతలన్నీ మనిషి దిక్కు పోతయ్. 18 దగ్గర గిట్ల తీసేటప్పుడు కెమెరా కిందికి వంగితే స్తంభాలు ఒరుగుతయ్. మొహం అంచు దగ్గరుంటే సాగుతది. మొహాన్ని నడిమి దిక్కే ఉంచు.

ఇంకొకటి, గిది క్రాప్ కన్న పెద్ద ముచ్చట. గ్రాఫ్ కాగితం మీది డిజైను, మగ్గం మీది కొత్త చీర దగ్గరికెళ్లి తియ్యకు. అడిగి తియ్యి, అడిగినా బజార్ల పడే దాక ఎక్కడా పెట్టకు. ఫొటో చూసి ప్రింటు చీరలు కొట్టేటోళ్లున్నరు.

రెండో_ఏడాది

1/400 దగ్గరే పెట్టుకున్నాను అన్నా. రంగు మారడానికి కారణం కెమెరా పాడవడమేమో అనుకున్నా.

మరో సందేహం. కళ్లు మూడో వంతు గీతల మీదే ఉండాలంటారు కదా, ఈ ప్రాజెక్టుకి కూడా గ్రిడ్ ఆన్ చేసుకోవాలా?

అడుగుల_లెక్క

గ్రిడ్‌ని స్తంభాలు నిటారుగా ఉన్నాయా లేదా చూసుకోవడానికి వాడండి. మూడో వంతు సూత్రాన్ని 1797లో ఆ పేరుతో రాసిపెట్టింది జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లిష్ చెక్కడపు పనివాడు. అతను మాట్లాడింది ప్రకృతి దృశ్యాల గురించి, వెలుగు నీడల పాళ్ల గురించి. మగ్గం రెండు పక్కలా ఒకేలా ఉండే వస్తువు. ఎదురుగా తీస్తే నడిమధ్యనే నిలుస్తుంది. దాన్ని బలవంతంగా పక్కకి నెడితే ఖాళీ గోడ మిగులుతుంది.

నలుపు_అంచు

ఈ ఒక్కదాంట్లో ఒకే మాట మీద ఉన్నాం.

వరస_కూర్పు

ఇంతసేపూ ఒక్కో ఫొటో గురించే మాట్లాడుకుంటున్నారు. అడిగింది ప్రాజెక్టు గురించి. క్రాప్ వద్దనే నియమంతో వచ్చే అసలు చిక్కు ఇక్కడుంది: విద్యార్థి ఫ్రేము అంచులకే కాపలా కాస్తూ, ఏం చెప్పాలో మర్చిపోతాడు. "పోచంపల్లి మగ్గాలు" అంటే ఊరి పేరూ వస్తువు పేరూ చెప్పినట్టు. అందులో ప్రశ్న లేదు. ఆ శీర్షికతో 15 ఫొటోలు తీస్తే పదిహేనూ మగ్గం ముందు కూర్చున్న మనిషే.

ఒక ఉదాహరణ. నేతకి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు తిప్పే పని, ఎక్కువగా ఆడవాళ్లది, భుజాలు పోయే పని. చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. "యంత్రం వచ్చాక ఆ చేతులు ఇప్పుడేం చేస్తున్నాయి?" అని అడగండి, ఏ ఇంటికి వెళ్లాలో, ఎవరి పక్కన కూర్చోవాలో దానంతటదే తేలుతుంది. అప్పుడు నాలుగడుగుల లోపు వెడల్పు చూపే ఆ 50 లెన్సే చేతులకి సరిపోవచ్చు. లెన్స్ ఏదో చెప్పాల్సింది ప్రశ్న.

పని ఇలా చేయండి. 600లోంచి 60 ఏరి 4×6 ప్రింట్లు తీయించండి, అందులో క్రాప్ సంగతి పట్టించుకోకండి. నేల మీద పరిచి, ఒకే మాట రెండుసార్లు చెప్పేవాటిని జతలుగా పెట్టి, ప్రతి జతలో ఒకటి తీసెయ్యండి, జతలు మిగలనంతవరకూ. సాధారణంగా 60 కాస్తా ఇరవై దగ్గరికి వస్తాయి. అప్పుడు దూరాలు చూడండి: అన్నీ ఐదారు అడుగుల నుంచే ఉంటే, వీధిలోంచి ఇల్లు, అడుగు దూరం నుంచి ముడి, ఇవి లేనట్టే. మళ్లీ వెళ్లినప్పుడు వాటినే తియ్యండి. మొదటి ఫొటో గొప్పది కానక్కర్లేదు, ఎక్కడున్నామో చెబితే చాలు.

నలుపు_అంచు

60 ప్రింట్లలో క్రాప్ పట్టించుకోవద్దంటే తలుపు తెరిచినట్టే. పోనీ, ఇలా చేయనివ్వండి. ఆ ప్రింట్ల మీద ఎర్ర పెన్సిలుతో కోత గీత గియ్యమనండి, కత్తెర వద్దు. గీత ఎటువైపు పడిందో అటు నుంచి అంత దగ్గరికి వెళ్లి, వచ్చే వారం మళ్లీ తియ్యమనండి. కూర్చున్న చోటు నుంచి కదలని పనికి మళ్లీ తీసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

పన్నెండు_పద్దెనిమిది

ఇది బాగుంది. పదో వంతు హద్దు మాత్రం ఉంచండి, వంకర సరిచెయ్యడానికైనా.

రెండో_ఏడాది

సరేనండి. 24 దగ్గర టేపు వేసి, లైవ్ వ్యూలో, 1/100కి మార్చి, ఈ ఆదివారం ఆసు పోసే ఇళ్లకి వెళ్తాను. లెన్స్ మార్చడానికి ఒప్పుకోమని ఆ 8 అడుగుల లెక్క కాగితం మీద రాసి చూపిస్తాను. క్రాప్ గురించి ఇప్పుడే అడగను.

అడుగుల_లెక్క

అడుగులు టేపుతో కొలిచి రాయండి, నా 8 ఊహే. రింగుకి కరెంటు పనివాళ్ల నల్ల టేపు వాడకండి, ఎండకి జిగురు కారి రబ్బరుకి పట్టుకుంటుంది. పెయింటర్లు వాడే కాగితం టేపు చాలు.