నలభై మంది బృందానికి రొమేనియా మంచిదా, హైదరాబాదే మేలా?

నెక్కార్_గట్టు:
జర్మనీలో ఒక మధ్యస్థాయి బీమా సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. బయట దేశంలో నలభై మందితో బృందం పెట్టాలని పైవాళ్ల ఆలోచన. రొమేనియా ఎలా ఉంటుందో చూసి చెప్పమని నా నెత్తిన పెట్టారు. చిక్కేమిటంటే నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లో. రొమేనియా వద్దంటే పనంతా మా ఊరికి మళ్లించాలని చూస్తున్నానంటారు. సరే అందామంటే ఆ దేశం సంగతి నాకేమీ తెలియదు. ఇంటర్నెట్‌లో దొరికేదంతా అక్కడి ఏజెన్సీల సొంత డప్పు. అక్కడివాళ్లతో నిజంగా పనిచేసినవారు చెప్పండి.

క్లుజ్‌లో_ఆరేళ్లు:
ముందు ఒక మాట, పాత వ్యాసాలు చూసి లెక్కలు కట్టకండి. "ఐటీ ఉద్యోగులకు ఆదాయపు పన్ను లేదు" అని చాలా చోట్ల ఇంకా కనిపిస్తుంది. 2001లో మొదలైన ఆ మినహాయింపును 2023 నవంబరులో నెలకు 10,000 లెయ్‌ల (ఇక్కడి డబ్బు) వరకే కుదించారు. 2025 జనవరి నుంచి అదీ లేదు.

ఇక్కడ క్లుజ్ నగరంలో ఇంటర్వ్యూకి వచ్చే కుర్రవాడు గ్రాస్ (కోతలకు ముందు జీతం) మాటే ఎత్తడు, "చేతికెంత?" అంటాడు. గ్రాస్ 10,000 అనుకోండి. పింఛనుకు 25 శాతం, ఆరోగ్య బీమాకు 10 శాతం ఉద్యోగి జీతంలోంచే పోతాయి. మిగిలే 6,500 ఇదివరకు నేరుగా చేతికే వచ్చేది. ఇప్పుడు దాని మీద 10 శాతం పన్ను, అంటే 5,850. పోయిన ఆ 650 మీరే పూడ్చాలని అందరూ ఎదురుచూస్తారు. పూడ్చాలంటే గ్రాస్ 11,111 చేయాలి. యజమాని వేరుగా కట్టేది 2.25 శాతమే కాబట్టి కాగితం మీద చౌకగానే ఉంటుంది, మోసపోకండి.

శంషాబాద్_షటిల్:
నన్ను ఏడిపించింది జీతాల లెక్క కాదు, పండుగ. 2024లో మా హైదరాబాద్ బృందం, బుకారెస్ట్ బృందం కలిసి ఒక జర్మన్ క్లయింటుకు పనిచేశాం. రిలీజు మే 6, సోమవారం. జర్మనీలో ఈస్టర్ మార్చి 31నే అయిపోయింది కదా, ఎవరికీ అనుమానం రాలేదు. రొమేనియాలో ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు, వాళ్ల ఈస్టర్ ఆ ఏడాది మే 5న. బుధవారం మే డే, శుక్రవారం గుడ్ ఫ్రైడే, సోమవారం ఈస్టర్ మర్నాడు, మూడూ ప్రభుత్వ సెలవులే. మధ్యలో మిగిలిన గురువారం ఎవరొస్తారు? మనమైనా రాము. డేటాబేస్ అనుమతులున్న ఒకే ఒక్కాయన పల్లెలో అమ్మగారింట గొర్రె మాంసం భోజనం మీద ఉన్నాడు. ఫోనెత్తి ఎంతో మర్యాదగా "మంగళవారం చూస్తాను" అన్నాడు. తప్పు ఆయనది కాదు, క్యాలెండరు చూడని మాది.

నెక్కార్_గట్టు:
ఇది నా నివేదిక మొదటి పేజీకి ఎక్కుతుంది! మరి భాష సంగతి? మా బీమా నిపుణుల్లో సగం మందికి ఇంగ్లీషు మీటింగంటే నోరు పెగలదు.

క్లుజ్‌లో_ఆరేళ్లు:
అక్కడ మాత్రం హైదరాబాద్ పోటీకి రాలేదు. ట్రాన్సిల్వేనియా, బనాత్ ప్రాంతాల్లో జర్మన్ మాట్లాడేవాళ్లు వందల ఏళ్లుగా ఉన్నారు. చాలామంది జర్మనీకి వెళ్లిపోయినా వాళ్ల బడులు మిగిలాయి, ఇప్పుడు వాటిలో ఎక్కువగా రొమేనియన్ల పిల్లలే చదువుతున్నారు. ఇక్కడి బాబెష్-బొయాయి విశ్వవిద్యాలయంలో రొమేనియన్, హంగేరియన్, జర్మన్ మూడింటిలోనూ బోధిస్తారు. కానీ ఊరు చిన్నది. 2021 జనగణనలో 2.86 లక్షలు, మన నిజామాబాద్ కన్నా తక్కువ. ప్రోగ్రామర్లు నలభై మంది దొరుకుతారు, జర్మన్ కూడా వచ్చిన నలభై మంది కావాలంటే కష్టం. ఇళ్ల ధరల్లో క్లుజ్‌దే దేశంలో మొదటి స్థానం, ఆ బరువంతా జీతాల మీద పడుతుంది.

మల్దావియా_మేఘం:
అందరూ క్లుజ్ అంటే క్లుజ్ అంటారు. తూర్పున యాష్ నగరం కూడా చూడండి. 1860 నాటి విశ్వవిద్యాలయం, దాని పక్కనే సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నాయి, అద్దెలు తక్కువ. జర్మనే కావాలంటే మాత్రం బనాత్‌లోని టిమిషోరా నగరం.

శంషాబాద్_షటిల్:
ఇంకో రెండు సంగతులు. మనకు మూడు నెలల నోటీసు అలవాటు. అక్కడ మామూలు ఉద్యోగి రాజీనామా చేస్తే చట్టం ప్రకారం గరిష్ఠంగా 20 పనిదినాలు, మేనేజరైతే 45. మా దగ్గర ఒకమ్మాయి వెళ్లిపోతే ఆమె రాసిన కోడు అర్థం చేసుకోవడానికే మాకు అంతకు రెట్టింపు పట్టింది. రెండోది, వాళ్లు కుదరదనుకుంటే మీటింగులోనే ముఖం మీద చెప్పేస్తారు. మనవాళ్లు అక్కడ తలూపి, బయటికి వచ్చాక "అది అయ్యే పని కాదండి" అని మెసేజి పెడతారు. మొదట్లో కోపం వచ్చేది కానీ, ఇప్పుడు వాళ్ల పద్ధతే నయమనిపిస్తోంది.

నెక్కార్_గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. బీమా నిపుణులతో కూర్చుని మాట్లాడే పన్నెండు మందిని టిమిషోరాలో, టెస్టింగూ నిర్వహణా చూసే మిగతావారిని హైదరాబాద్‌లో పెట్టమని రాస్తున్నాను. మా దగ్గర పొద్దున తొమ్మిదయ్యేసరికి హైదరాబాద్‌లో వేసవిలో పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. రాత్రి వచ్చిన లోపాలు మేం కాఫీ తాగేలోగా సర్దేసి ఉంటాయి. పక్షపాతం అంటే అననీ.

శంషాబాద్_షటిల్:
అనుమతులు మాత్రం ఒక్కరి దగ్గరే ఉంచకండి. 2027లో మీ ఈస్టర్ మార్చి 28, వాళ్లది మే 2. ఇప్పుడే గోడ మీద రాసి పెట్టుకోండి.