ఇన్సులిన్ పంపు కాన్యులా (చర్మం కింద ఉండే సన్నటి గొట్టం) వంగిపోతోంది, ఏది వాడాలి?

మా పాపకి 9 ఏళ్లు, టైప్ 1 షుగర్. నాలుగు నెలలుగా ఇన్సులిన్ పంపు మీద ఉంది. మూడు వారాల్లో ఐదుసార్లు ఇదే జరిగింది: సాయంత్రం 7కి సెట్ (పంపు నుంచి ఒంట్లోకి ఇన్సులిన్ తెచ్చే గొట్టం, కాన్యులా) మారుస్తాం, రాత్రి 2 అయ్యేసరికి షుగర్ 340. మొన్న కీటోన్లు (ఇన్సులిన్ అందకపోతే రక్తంలో పెరిగేవి) 0.9 వచ్చాయి. పంపు మాత్రం అలారం ఇవ్వదు. రాత్రి బేసల్ (పంపు ఆగకుండా కొద్దికొద్దిగా ఇచ్చే ఇన్సులిన్) గంటకి 0.3 యూనిట్లే కాబట్టి అడ్డంకిని ఆలస్యంగా పసిగడుతుందట. సెట్ తీసి చూస్తే ఆ 6 మి.మీ. మెత్తటి గొట్టం కొస గాలంలా వంగి ఉంటోంది.

ఇన్సులిన్ పాడైందా అంటే కాదు, అదే వయల్ నుంచి సిరంజితో ఇస్తే షుగర్ దిగుతోంది. పొట్ట నుంచి తొడకి మార్చాం. కొత్త పెట్టె తెప్పించాం. చర్మం పట్టుకుని గుచ్చాం. గాలి బుడగలు కూడా లేవు. పాప బాగా సన్నం, ఒంట్లో కొవ్వు తక్కువ. రాత్రి మళ్లీ గుచ్చుతుంటే ఏడుపు ఆపుకుంటోంది, చూడలేకపోతున్నాం.

ఏటవాలుగా గుచ్చేదైనా, స్టీలు సూది సెట్ అయినా ప్రయత్నించవచ్చని డాక్టరుగారు అన్నారు. స్టీలుదైతే రెండు రోజులకోసారి మార్చాలి.

సన్నటి పిల్లలకి ఈ రెండూ వాడిన తల్లిదండ్రులెవరైనా ఉంటే చెప్పండి, రాత్రిళ్లు ఇలా ఆగిపోవడం దేనితో తగ్గింది?