2018 ఎక్స్3 డీజిల్, ఢిల్లీ బండి: తీసుకోవచ్చా?

అన్నలకు నమస్కారం. మాది విజయనగరం. వైజాగ్‌లో ఒకాయన దగ్గర బీఎండబ్ల్యూ ఎక్స్3 20డీ చూశాం. అది ఢిల్లీ బండి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదన్న రూలు వల్ల అక్కడి బండ్లు తక్కువకి వస్తాయని తెలుసు, ధరతో నాకు పేచీ లేదు.

భయమంతా ఒక్కటే. వెనక సీటుబెల్టు పూర్తిగా బయటికి లాగితే చివర జానెడు మేర ఎండిన బురద చార ఉంది. కార్పెట్ చూస్తే కొత్తది. సీటు కింద పట్టాలకి తుప్పు. "దుమ్మండీ బాబూ" అంటున్నాడాయన. ఇది వరదలో మునిగిన బండేనా? ఇంకెక్కడ చూస్తే తేలిపోతుంది?

ముందు టైర్ల మీద 2318 అని ఉంది, అంటే 2018లో 23వ వారం. వెనకవి కొత్తవి. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండిలో అరుగుదల ఇంత తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి పవర్ పంచే భాగం) పాడవదా?

ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా తిప్పే గొలుసు) గేర్‌బాక్స్ వైపు ఉంటుంది, మార్చాలంటే పెద్ద ఖర్చు. చైన్ అరిగిందేమో చప్పుడు విందామంటే మేం వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. ఈసారి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమని అడుగుతా.

ఇది నాన్నగారి రిటైర్‌మెంట్ డబ్బు. ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి మార్చుకోడానికిచ్చే పత్రం) తెచ్చి ఏపీ లైఫ్ ట్యాక్స్ ఈమధ్య కట్టినవాళ్లుంటే ఎంతయిందో చెప్పండి. స్కానర్ పెట్టి చూసే నమ్మకమైన మెకానిక్ వైజాగ్‌లో ఎవరైనా ఉన్నారా?