"కుక్కని ముద్దు చేస్తే మూతి నాకిందట" – ఈ సామెతలో మూతే ఎందుకొచ్చింది?

గ్రూపులో అందరికీ నమస్కారం. ఈ సామెత మనందరం వాడేదే, కానీ ఒక్కో మాట దగ్గర కాసేపు ఆగి చూస్తే ఇందులో చాలా సంగతులున్నాయి, అందుకే పోస్టు కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

అర్థం గురించి పేచీ ఏమీ లేదు. చనువిస్తే నెత్తికెక్కుతారు, చిన్నా పెద్దా మర్చిపోతారు అని చెప్పడానికి వాడతాం. "కుక్కకి చనువిస్తే మూతి నాకుతుంది" అనేవాళ్ళున్నారు, "మూతంతా నాకిందట" అనేవాళ్ళూ ఉన్నారు. ఎలా అన్నా తప్పు మాత్రం కుక్కదే. నేను మాట్లాడాలనుకున్నది ఆ తప్పు గురించే.

ముందు మాటల సంగతి. "ముద్దు చేయడం" అంటే ముద్దు పెట్టుకోవడం అనుకుని దానికి తగ్గట్టు వివరణ చెప్పేవాళ్ళని చూశాను, అది కాదండీ, ఇక్కడ గారాబం చేయడం. "ఒక్కగానొక్కడని మరీ ముద్దు చేసి పాడుచేశారు" అంటాం కదా, ఆ ముద్దు. తర్వాత "నాకడం". కుక్క గిన్నెలోది గబగబా నోటితో అందుకుని తింటుంటే దానికి కతకడం అని విడిగా మాట ఉంది, సామెత కతికింది అనలేదు, నాకింది అంది, అంటే ఇది తిండి యావ గురించి కాదు. ఇక అసలైనది "మూతి". చెయ్యి నాకింది అనలేదు, మొహం నాకింది అని కూడా అనలేదు. ఏ పెంపుడు కుక్కనైనా కింద కూర్చుని దగ్గరికి పిలిచి చూడండి. చెవులు వెనక్కి వాలుస్తుంది, ఒళ్ళు కుదించుకుని, తోక కిందకే ఉంచి ఊపుకుంటూ వస్తుంది, తల పైకెత్తి ముక్కుతో మీ గడ్డం కింద ఒకసారి పొడుస్తుంది, ఆ తర్వాత నాలుక తిన్నగా పెదాల మూలకి వెళ్తుంది. బుగ్గ ఉంది, నుదురుంది, అవన్నీ వదిలేసి చాలాసార్లు పెదాల మూలకే. ఈ సామెత కట్టినవాళ్ళెవరో గానీ కుక్కని బాగా దగ్గర్నించి చూసి కట్టారు.

మూతే ఎందుకంటే అది పిల్లగా ఉన్నప్పటి అలవాటు, ఇంకా వెనక్కి వెళ్తే తోడేళ్ళ అలవాటు. పెద్ద తోడేళ్ళు వేటకెళ్ళి మాంసం కడుపు నిండా తిని పిల్లల దగ్గరికి తిరిగొస్తాయి, పిల్లలు చుట్టుముట్టి వాటి మూతి మూలల్ని నాకుతాయి, ముక్కుతో పొడుస్తాయి, దాంతో పెద్దది కడుపులోది కక్కి పెడుతుంది, పాలు మానే వయసులో పిల్లల కడుపు నింపేది ఎక్కువగా అదే. ఇళ్ళల్లో పెరిగే కుక్కల్లో కూడా కొన్ని తల్లులు ఇప్పటికీ పిల్లలకి అలా కక్కి పెడతాయి, తెలియనివాళ్ళు అది చూసి జబ్బు చేసిందేమో అని కంగారుపడతారు. పిల్లలు పెద్దయ్యాక ఆ తిండి అవసరం ఉండదు కానీ చేష్ట మాత్రం మిగిలిపోతుంది, పలకరింపు అయిపోతుంది. మందలో చిన్నది పెద్దదాని దగ్గరికి ఒదిగి ఒదిగి వచ్చి మూతి నాకుతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ షెంకెల్ 1967లో తోడేళ్ళూ కుక్కలూ ఎలా లొంగుతాయో ఒక వ్యాసంలో వివరించాడు, పక్కకి ఒరిగో వెల్లకిలా పడో పొట్ట చూపించడం ఒక రకం లొంగుబాటు, తనంతట తనే దగ్గరికొచ్చి మూతి నాకడం ఇంకో రకం అని విడదీసి చెప్పాడు.

ఇప్పుడు సామెత మళ్ళీ చదవండి. హద్దు దాటింది, మనతో సమానం అనుకుంది అని చెప్పడానికి మనం ఏ చేష్టనైతే ఎంచుకున్నామో, కుక్క దగ్గర దానికి సరిగ్గా తలకిందుల అర్థం ఉంది, "పెద్దదానివి నువ్వే, నన్ను నీదాన్ని అనుకో" అని. సామెతలో చూసిన విషయం కరెక్టే, దానికి చెప్పిన అర్థం దగ్గరే కుక్కకి అన్యాయం జరిగిందని నా అభిప్రాయం.

అసలు నాకడం అనే మాటకే మన భాషలో మంచి పేరు లేదు. "ఉన్నదంతా నాకేశాడు" అంటే ఊడ్చుకుపోయాడని. "కాళ్ళు నాకి పైకొచ్చాడు" సంగతి చెప్పనక్కర్లేదు. "మోచేతికి బెల్లం రాసి నాకమన్నట్టు" అంటే మోసం. ఒక్క ఆవు దూడని నాకుతుంటే మాత్రం తల్లి ప్రేమ అంటాం, వాత్సల్యం అనే మాటే వత్సం నుంచి వచ్చింది, వత్సం అంటే దూడ. మరి కుక్క తల్లి చేసేదీ అదే కదా. పిల్ల పుట్టగానే దాని ఒంటి మీద పొరని నాకి తీసేస్తుంది, ఆ నాలుక రాపిడికే పిల్ల ఊపిరి అందుకుంటుంది. కళ్ళు తెరవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. మొదటి రెండు మూడు వారాలు తల్లి పొట్ట కింద నాకితే గానీ పిల్లకి మూత్రం రాదు, విరేచనం కాదు, అదంతా తల్లే నాకి శుభ్రం చేస్తుంది. చూపూ వినికిడీ లేని ఆ రోజుల్లో పిల్లకి తల్లి ఉందని తెలిసేది ఒంటి వెచ్చదనం వల్ల, వాసన వల్ల, ఆ నాలుక వల్ల. దానికి మాత్రం దూడకి దక్కిన మాట దక్కలేదు, నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

మీ ఇళ్ళల్లో ఈ సామెత ఇంకెలా అంటారో, నాకడం మంచి అర్థంలో వాడిన పలుకుబడి ఇంకేదైనా ఉందేమో చెప్పండి.

కామెంట్: మేడం, బాగా రాశారు. కానీ సామెత మనుషుల గురించి కదా, కుక్క అందులో పోలిక మాత్రమే, దానికింత సైన్సు ఎందుకు?

జవాబు: సామెత వాడొద్దని నేను అనట్లేదండీ. కానీ పోలిక కోసం తెచ్చిన మాట పోలిక దగ్గరే ఆగదు, మన చేతల్లోకి వచ్చేస్తుంది. కుక్క మూతి దగ్గరికి రాగానే "చనువెక్కువైంది దీనికి" అని మూతి మీద ఒక్కటి వేసేవాళ్ళు బోలెడుమంది. అది లొంగి వచ్చింది, దెబ్బ పడింది, ఇంకా లొంగాలేమో అనుకుని ఇంకా ఒదిగి మళ్ళీ నాకబోతుంది, మళ్ళీ దెబ్బ. కుక్కకి ఏం చేయాలో తెలియక పిచ్చెక్కుతుంది, మనిషేమో చెప్పినా వినదు మొండిది అంటాడు. అందుకని అర్థం తెలిస్తే మంచిది అంటున్నాను.

కామెంట్: అక్కా, ఉప్పు కోసం నాకుతాయి అని ఎప్పటి నుంచో వింటున్నాం, అది అబద్ధమా మరి? మా వాడు నేను ఎక్సర్‌సైజ్ చేసి రాగానే చేతులు కాళ్ళు వదలడు.

జవాబు: అబద్ధం కాదు తమ్ముడూ, చెమటలో ఉప్పుంటుంది, చేతికి తిన్నదాని వాసనా ఉంటుంది, ఆ రుచి దానికి నచ్చుతుంది. కుక్క నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 1,700, మనిషికైతే 9,000 దాకా, అంటే రుచిలో అది మనకన్నా తక్కువే, కానీ నాకినప్పుడు రుచితో పాటు వాసన కూడా పోగవుతుంది, నువ్వెక్కడ తిరిగొచ్చావో దానికి కొంత తెలిసిపోతుంది. చేతులూ కాళ్ళూ నాకేదానికి ఉప్పు సరైన కారణమే, కానీ తలుపు తీయగానే ఎగిరెగిరి మూతి కోసం ప్రయత్నిస్తుంది చూడు, అక్కడ ఉప్పు కన్నా పలకరింపే ఎక్కువ. ఇంకోటి, నాకితే మనం నవ్వుతాం, పేరు పెట్టి పిలుస్తాం, ఛీ పో అని తోసినా అది దాని లెక్కలో పట్టించుకోవడమే, అలా అలవాటు గట్టిపడుతుంది. మనం బాధలో ఉన్నప్పుడు నాకుతుందా అంటే, లండన్‌లో 2012లో ఒక స్టడీ వచ్చింది, మనిషి మామూలుగా కూనిరాగం తీస్తున్నప్పటి కంటే ఏడుస్తున్నట్టు నటించినప్పుడు కుక్కలు ఎక్కువగా దగ్గరికొచ్చాయి, ముక్కుతో పొడిచాయి, నాకాయి. ఏడ్చేది యజమాని అయినా కొత్తమనిషి అయినా ఏడ్చేవాళ్ళ దగ్గరికే వెళ్ళాయి. అది జాలే అని నేను గట్టిగా చెప్పను, చిన్నప్పటి నుంచి అలా వెళ్తే మనం దగ్గరికి తీసుకోవడం వల్ల నేర్చుకున్నదీ అయ్యుండొచ్చు.

కామెంట్: వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. నాకు + కొను = నాక్కొను, తన కోసం తనే చేసుకునే పని. గీక్కోవడం, తుడుచుకోవడం లాగా నాక్కోవడం. మరి కుక్క తనని తాను నాక్కోవడం గురించి మీరేం చెప్పలేదు?

జవాబు: మంచి పాయింట్ మాస్టారూ. కుక్క తన ఒళ్ళు తను నాక్కోవడం చాలావరకు ఒళ్ళు శుభ్రం చేసుకోవడమే, తిన్నాక మూతి, బయట తిరిగొచ్చాక పాదాలు, మూత్రం పోశాక కింద. కాసేపు నాక్కుని వదిలేస్తే దాని గురించి ఆలోచించక్కర్లేదు. అదే పనిగా ఒకే చోట నాక్కుంటుంటే మాత్రం చూడాలి. పాదాలే పట్టుకుని నాక్కుంటుంటే ఎక్కువగా అలర్జీ ఉంటుంది, లేదా వేళ్ళ మధ్య ఏ ముల్లో గుచ్చుకుని ఉంటుంది. తెల్ల కుక్కలయితే ఇంకా తేలిక, వేళ్ళ మధ్య బొచ్చు తుప్పు రంగులోకి తిరుగుతుంది, లాలాజలంలో ఉండే పోర్ఫిరిన్ల వల్ల వచ్చే మరక అది, ఆ రంగు కనిపించిందంటే మీరు లేనప్పుడు కూడా నాక్కుంటోందని అర్థం. తోక కింద నాక్కుంటూ నేలకి రాసుకుంటుంటే అక్కడి గ్రంథులు నిండిపోయాయేమో చూపించాలి. ముందు కాలి మణికట్టు దగ్గర గుండ్రంగా బొచ్చు ఊడిపోయి, చర్మం మందంగా అయిపోయి పచ్చి పుండులా తయారవుతుంది కొన్నిటికి, లిక్ గ్రాన్యులోమా అంటారు, దాని వెనక అలర్జీ ఉండొచ్చు, లోపల కీలు నొప్పి ఉండొచ్చు, రోజంతా ఒంటరిగా ఉండి తోచక కూడా మొదలవ్వొచ్చు. మెడకి గరాటులాంటి కోన్ కట్టేస్తే నాలుక అందదు అంతే, కారణం అలాగే ఉంటుంది.

నేలా గోడా సోఫా నాకేవి ఉంటాయి, దాన్ని చాలామంది పాడలవాటు అని కొట్టిపారేస్తారు. మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్ళు అలాంటి 19 కుక్కల్ని పరీక్ష చేస్తే 14 కుక్కలకి జీర్ణాశయం, పేగుల్లో ఏదో ఒక తేడా కనిపించింది, వైద్యం చేశాక చాలావాటికి ఆ నాకడం తగ్గింది. తిట్టేముందు ఒకసారి కడుపు చూపించమని అందుకే అంటాను.

తన పెదాలు తనే నాలుకతో టకామని తడుపుకోవడం ఇంకో సంగతి. తిండి దగ్గర లేకుండా అలా చేస్తే ఆకలి కాదు, ఇబ్బంది. కోపంగా ఉన్న మనిషి మొహాల ఫోటోలు చూపించినప్పుడు కుక్కలు పెదాలు ఎక్కువగా నాక్కున్నాయని సావో పాలో, లింకన్ యూనివర్సిటీల వాళ్ళు గమనించారు, గొంతు వినిపిస్తే కాదు, మొహం చూస్తేనే. పిల్లలు కుక్క మెడ గట్టిగా వాటేసుకుని ఫోటోలు దిగుతారు చూడండి, ఆ ఫోటోల్లో సగం కుక్కల నాలుక బయట ఉంటుంది, మనం ముద్దుగా ఉంది అనుకుంటాం.

కామెంట్: కుక్క నాకితే పుండు మానుతుంది అంటారు పెద్దవాళ్ళు. దాని గాయం అది నాక్కునే మాన్చుకుంటుంది కదా అని.

జవాబు: దీని గురించి జాగ్రత్తగా చెప్పాలండీ. ఆ మాటలో కొంత నిజం ఉంది, 1990లో వచ్చిన ఒక పరిశోధనలో కుక్క లాలాజలం ఈ.కోలై, స్ట్రెప్టోకాకస్ కానిస్ అనే బ్యాక్టీరియాని చంపుతుందని తేలింది, పిల్లల్నీ పొదుగునీ తల్లి నాకడం వల్ల ఉపయోగం ఉందని అందులో రాశారు. కానీ స్టెఫైలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. పైగా అదే పనిగా నాక్కుంటే కుట్లు ఊడతాయి, మానుతున్న చర్మం మళ్ళీ లేస్తుంది.

మన పుండు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో నాకనివ్వకండి. రేబిస్ లాలాజలంలోనే ఉంటుంది. రేబిస్ అనుమానం ఉన్న కుక్క విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇలా ఉంది, దెబ్బ ఏమీ లేని చర్మం మీద నాకితే మొదటి కేటగిరీ, కడుక్కుంటే చాలు. గాయం మీదో గీరుకున్న చోటో నాకినా, కంట్లో నోట్లో లాలాజలం పడినా మూడో కేటగిరీ, అంటే కరిచినంత లెక్క. వెంటనే సబ్బూ నీళ్ళతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే, టీకాతో పాటు వైరస్‌ని వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా వేస్తారు. టీకాలన్నీ సరిగ్గా వేయించిన ఇంటి కుక్క విషయంలో ఆ భయం తక్కువ, కానీ దాని నోట్లో క్యాప్నోసైటోఫేగా కానిమోర్సస్ అనే బ్యాక్టీరియా మామూలుగానే ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి దాంతో జబ్బు రావడం చాలా అరుదు, ప్లీహం తీసేసినవాళ్ళు, లివర్ జబ్బున్నవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు మాత్రం నాలుకకి దూరంగా ఉండాలి.

కామెంట్: అదే నా సమస్య అండీ. మా అమ్మగారికి అలాంటి మందులే నడుస్తున్నాయి, మా కుక్క ఆవిడంటే ప్రాణం పెడుతుంది, కూర్చుంటే చాలు మూతి దగ్గరికి వెళ్ళిపోతుంది. కొట్టకుండా ఎలా మాన్పించాలి?

జవాబు: కొట్టకుండానే మాన్తుందండీ, కానీ ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒకళ్ళు నవ్వి ఒకళ్ళు కసిరితే కుదరదు. అది మూతి దగ్గరికి రాగానే అరవకుండా, తొయ్యకుండా మొహం పక్కకి తిప్పేయమనండి, ఆగకపోతే ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్ళిపోవాలి. నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టి కూర్చున్న క్షణంలోనే పలకరించాలి, మెడ కింద నిమరాలి. ఆవిడ లేవలేకపోతే మీరు పక్కనే ఉండి పేరు పెట్టి పిలిచి "కూర్చో" అని కూర్చోబెట్టండి, కొరుక్కోవడానికి బొమ్మ ఏదైనా ఇస్తే నోటికి పని ఉంటుంది. మొదట్లో నాకడం ఇంకా ఎక్కువవుతుంది, ఇదివరకు పనిచేసింది ఇప్పుడెందుకు పనిచేయట్లేదని గట్టిగా ప్రయత్నిస్తుంది, అప్పుడు జాలిపడి ఒక్కసారి ఒప్పుకున్నా మళ్ళీ మొదటికొస్తుంది. పొరపాటున చెయ్యి నాకితే సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది, చేతి మీద దెబ్బ ఉన్నప్పుడు మాత్రం కట్టు కట్టుకునే దాని దగ్గర కూర్చోమనండి. ఆవిడ డాక్టర్‌కి కూడా ఇంట్లో కుక్క ఉందని ముందే చెప్పి ఉంచండి.