క్యోటోను ఒక్క రోజులో గైడు వెంట చూడటం సబబేనా?

బాటసారి:
ఏప్రిల్‌లో అమ్మానాన్నలను వెంటబెట్టుకుని జపాన్ వెళ్తున్నాను; క్యోటోకు ఒక్క రోజే మిగులుతోంది. కింకకుజి బంగారు మంటపం, నిజో కోట, కియోమిజు దేవాలయం, గియోన్ వీధులు, ఫుషిమి ఇనారి మందిరం, ఈ ఐదింటినీ గైడుతో సహా బస్సులో సాయంత్రానికల్లా చూపిస్తామని ఒక పర్యాటక సంస్థ అంటోంది. భాష రాని ఊళ్లో పెద్దవాళ్లను నడివీధిలో నిలబెట్టి ఫోనులో దారులు వెతుక్కోవడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పగలరు.

తూర్పుగాలి:
బాటసారి గారూ, కాదనేవారిలో నేనొకడిని. కింకకుజి ఊరికి వాయవ్య మూలన, ఇనారి దక్షిణాన ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే పట్టికలో ఇరికించారంటే పొద్దులో చాలా భాగం రోడ్డు మీదే గడిచిపోతుంది. అయినా ఇనారికి గైడుతో పనేముంది? క్యోటో స్టేషన్‌లో జేఆర్ (జపాన్ రైల్వేస్) నారా లైను బండి ఎక్కితే రెండో స్టేషనే ఇనారి, ఐదు నిమిషాల ప్రయాణం, దిగితే ఎదురుగానే మందిర ద్వారం. టికెట్టు లేదు, రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. తెల్లవారుతూనే వెళ్తే, ఎర్రని తోరణాల స్తంభాల వెనుక వైపు రాసి ఉన్న దాతల పేర్లను నిలబడి చూసేంత తీరిక దొరుకుతుంది. మిట్టమధ్యాహ్నం బస్సు దిగినవారికి ముందు నడిచేవారి వీపులే దర్శనం.

ఇక గియోన్ సంగతి. మైకోల (గైషా విద్య నేర్చుకుంటున్న అమ్మాయిల) వెంటపడి ఫోటోలు తీసేవారి బెడద పడలేక, అక్కడివారు 2024లో తమ సొంత సందుల్లోకి పర్యాటకులు రాకూడదని కట్టడి చేసి, 10,000 యెన్ల జరిమానా బోర్డులు పెట్టారు. అంత విసిగిన పేటలోకి మరో బస్సెడు జనాన్ని దింపడం నాకు నచ్చదు.

కొల్లేరు:
గుంపుల మీద తూర్పుగాలి గారి కోపం న్యాయమైనదే గానీ, దాన్ని గైడు ఖాతాలో రాయడం సరికాదు. ఏ సందులోకి అడుగుపెట్టకూడదో చెప్పే మనిషి పక్కన ఉండటం ఆ పేటకూ మంచిదే. ఊరివారికే సిటీ బస్సుల్లో చోటు దొరకడం లేదని నగరపాలకులు బస్సుల ఒక రోజు పాసును 2023లో అమ్మడం మానేశారు. సొంతంగా తిరిగే మనం ఎక్కేది ఆ బస్సులే కదా.

నా దృష్టిలో గైడు విలువ తెలిసేది నిజో కోటలో. 1867లో చివరి షోగన్ (సైనిక పాలకుడు) తొకుగవా యోషినోబు పాలనాధికారాన్ని చక్రవర్తికి తిరిగి అప్పగిస్తున్నట్టు తెలియజేసింది ఆ కోటలోని నినోమారు భవనంలోనే. చెప్పేవారు లేకపోతే బంగారు పూత మీద గీసిన పులులను, దేవదారులను చూసి బయటపడతాం. అక్కడ నడుస్తుంటే నేల పిట్టల్లా కిచకిచమంటుంది. దొంగలను పసిగట్టడానికే అలా కట్టారన్న కథను చాలామంది అప్పజెబుతారు. పలకల అడుగున ఉన్న ఇనుప బిగింపులు మేకులకు ఒరుసుకోవడం వల్ల ఆ చప్పుడు వస్తుందని వివరించేవాడు అసలైన గైడు. 2018 జనవరి దాకా జాతీయ అర్హత ఉన్నవారే డబ్బు తీసుకుని విదేశీయులకు గైడుగా పనిచేయాలని చట్టం ఉండేది; ఇప్పుడు ఎవరైనా చేయవచ్చు. కాబట్టి ఆ అర్హత ఉందో లేదో ముందే అడగండి.

భోజనం మాట ఎవరూ ఎత్తలేదు. మీ అమ్మానాన్నలు చేపలు ముట్టనివారైతే అదే పెద్ద చిక్కు: ఉడాన్ నూడుల్స్ చారు తేటగా, అమాయకంగా కనిపిస్తుంది గానీ, సాధారణంగా దాన్ని ఎండుచేప తురుముతోనే కాస్తారు. వంటవారితో ఆ మాట తేల్చుకోవడానికి జపనీస్ మాట్లాడే మనిషి కావాలి.

తూర్పుగాలి:
కోట విషయంలో మీ వాదన ఒప్పుకుంటాను. కింకకుజికి మాత్రం అది వర్తించదు. ఆ బంగారు మంటపం 1950లో తగలబడి 1955లో తిరిగి లేచిందన్న సంగతి చదువుకుని వెళ్తే చాలు. బాట ఒకే వైపుకు సాగుతుంది, దారి తప్పేదేమీ లేదు. కియోమిజు దగ్గర కూడా బస్సు కిందనే ఆగుతుంది, ఏటవాలు వీధిని నడిచే ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి గైడు ఏ సాయమూ చేయలేడు.

బాటసారి:
బస్సు యాత్ర మానుకుంటున్నాను. పొద్దున్నే ఇనారికి మేమే వెళ్తాం. తరువాత అర్హత ఉన్న గైడును పూట లెక్కన మాట్లాడుకుని నిజో కోట, భోజనం ఆయనకు అప్పగిస్తాం. కింకకుజి వదిలేస్తే నాన్న ఊరుకోరు. కనుక గియోన్‌ను, కియోమిజు ఎక్కుడును పట్టికలోంచి తీసేస్తున్నాను. ఏప్రిల్ మొదటి వారం చెర్రీ పూల రద్దీలో టాక్సీ దొరుకుతుందో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.