వికలాంగుల పింఛనుకి అందరికీ మళ్ళీ పరీక్ష పెట్టాలా? ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వాళ్ళు చెప్పండి

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి, ఒడిశా):
నిన్న ఇక్కడ ఒకాయన అన్న మాట మనసులోంచి పోవడం లేదు. ఆంధ్రాలో 2025 జనవరి నుంచి వికలాంగుల పింఛనుదారులకి మళ్ళీ డాక్టర్ల పరీక్షలు చేసి, వైకల్యం 40 శాతం కంటే తక్కువ తేలినవాళ్ళకి ఆగస్టులో నోటీసులిచ్చారు కదా, ఒడిశాలోనూ అలాగే అందరినీ పిలవాలి, ఎంత శాతం ఉంటే అంత డబ్బే ఇవ్వాలి అన్నారు. నేను ఒప్పుకోను. నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది, 65 శాతం. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను కింద వచ్చేది వెయ్యి దగ్గర దగ్గర. 80 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకి 2025 నుంచి 3500 చేశారు, మంచిదే, కానీ 79 దగ్గర ఆగిపోయినవాడు లేచి పరిగెత్తుతున్నాడా? ఏరు దాటితే ఆంధ్రాలో, పాతపట్నంలో మా పెద్దమ్మ కూతురు ఉంది, ఆమెదీ పోలియో కాలే, ఆమెకి నెలకి 6000. ఒకే ఇంటి మనుషులం.

పాతపట్నం తమ్ముడు:
అన్నా, నీ బాధ అర్థమైంది కానీ పరీక్షే వద్దంటే ఎలా? మా వైపు 2024లో 3000 నుంచి 6000కి పెంచారు, పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకి 15000. డబ్బు పెరిగేసరికి దొంగ సర్టిఫికెట్లూ ఉన్నాయని అందరూ అంటున్నారు. మా ఊళ్ళో ఒకాయనకి చెవుడని కాగితం ఉంది, ఫోన్లో గంటసేపు మాట్లాడతాడు. అదే వీధిలో పక్షవాతం వచ్చిన ముసలాయనకి ఏడాదిగా సదరం (వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష) స్లాట్ దొరకలేదు. ఆ దొంగ కాగితాలవాళ్ళని ఏరకపోతే ఈయనకి డబ్బెక్కడి నుంచి వస్తుంది?

గుణుపూర్ అమ్మ:
బాబూ, మా అబ్బాయికి 22 ఏళ్ళు, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఉంది. పరీక్షకి వెళ్ళిన రోజు వాడు బాగుంటే డాక్టరుగారికి ఏం కనబడుతుంది? నడుస్తాడు, నవ్వుతాడు. నొప్పి పట్టిందంటే రాత్రంతా కాళ్ళు పట్టుకుని కూర్చుంటాను, నెలలో ఎన్ని రోజులు పనికి పోతాడో నేనే చెప్పలేను. పరీక్ష అనగానే నాకు టెన్షన్, శాతం తగ్గించేస్తారేమోనని. మన కొండ ఊళ్ళల్లో ఇలాంటి పిల్లలు ఎంతమందో.

మహేంద్రతనయ ఒడ్డు:
తమ్ముడూ, దొంగల్ని పట్టుకోవద్దని నేననలేదు. ఫిర్యాదు వచ్చినవాణ్ణి పిలవండి, గడువు తీరిన కాగితాలవాళ్ళని పిలవండి. నియమాల్లోనే రెండు రకాల సర్టిఫికెట్లు ఉన్నాయి, మారే అవకాశం లేనివాళ్ళకి శాశ్వతం, మారేవాళ్ళకి గడువుతో. నా పోలియో కాలు ఇంక మారదు, నన్ను మళ్ళీ నిలబెట్టి కొలిస్తే ఎవరికి లాభం? ఒక పరీక్షంటే ఒక రోజు కూలీ పోతుంది, ఆటో ఖర్చు, తోడు మనిషి ఖర్చు, అక్కడ కాగితాలన్నీ ఒడియాలో, తెలుగు తప్ప రానివాళ్ళు పక్కవాణ్ణి బతిమాలుకోవాలి. మంచం మీదున్నవాళ్ళని మోసుకెళ్ళే ఇళ్ళు చూశాను, అక్కడికెళ్ళాక డాక్టరు రాలేదు, రేపు రండి అన్నారు. నాకు కోపం అక్కడే వస్తుంది.
శాతాన్ని బట్టి డబ్బు అనే మాట ఇంకా ప్రమాదం. కేంద్రం ఇచ్చే 300 రూపాయల వికలాంగ పింఛను 80 శాతం, ఆపైన ఉన్నవాళ్ళకే, ఆ 300 కూడా 2012 నుంచి అలాగే ఉంది. చట్టమేమో 40 శాతాన్ని హద్దుగా పెట్టింది. 40కీ 80కీ మధ్య ఉన్నవాళ్ళు ఆ కేంద్రం పింఛను లెక్కకి రాకుండా పోతున్నారు. పైగా అదే చట్టంలో 24వ సెక్షను, ఇలాంటి పథకాల్లో మామూలువాళ్ళకి ఇచ్చేదానికన్నా వికలాంగులకి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పాతపట్నం తమ్ముడు:
శాశ్వత సర్టిఫికెట్ వాళ్ళని వదిలెయ్యాలన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ చెవుడాయనదీ శాశ్వత సర్టిఫికెట్టే అన్నా. ఫిర్యాదు చెయ్యడానికి ఊళ్ళో ఎవరు ముందుకొస్తారు? అందుకే అందరికీ పరీక్షంటున్నాను. అయితే ఒకటి, తక్కువ శాతం తేలినవాళ్ళు అప్పీలు పెట్టుకుంటే అది తేలేదాకా పింఛను ఆపకూడదు.

గుణుపూర్ అమ్మ:
అప్పీలంటే ఎలా రాయాలో మాకేం తెలుసు బాబూ.

మహేంద్రతనయ ఒడ్డు:
ఆ 2016 చట్టం 59వ సెక్షను ప్రకారం సర్టిఫికెట్ నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు అమ్మా. అబ్బాయిని చేర్చినప్పటి ఆసుపత్రి చీటీలు, రక్తం ఎక్కించిన కాగితాలు ఒక్కటీ పారెయ్యకండి, కనబడని నొప్పికి అవే సాక్ష్యం. 15వ తేదీన పంచాయతీలో భత్తా (పింఛను) ఇచ్చే రోజు మీ ఊరు వస్తాను. అన్నీ జిరాక్స్ తీయించి ఉంచండి, ఒడియాలో నేను రాసిపెడతాను. తమ్ముడూ, ఆ ముసలాయన కాగితాలు కూడా పట్టుకురా, చూద్దాం.