40 లక్షల ఇల్లు, 13 వేల కిరాయి: నల్గొండలో లోన్ పెట్టి కొనొచ్చా?

కొత్తగా కొనేవాడు (నల్గొండ)
అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్లు, జీతం చేతికి 58 వేలు వస్తుంది. పానగల్ వైపు 150 గజాల్లో రెండు పోర్షన్ల ఇల్లు అమ్మకానికి ఉంది, 40 లక్షలు చెప్తున్నారు. రెండింటికీ కలిపి 13 వేల కిరాయి వస్తుందని ఓనర్ మాట. నా దగ్గర 13 లక్షలున్నాయి, 30 లక్షలు లోన్ తీసుకుందామని. మా బావ "సగం ఈఎంఐ కిరాయిలోనే పోతుంది, టాక్స్ కూడా మిగులుతుంది, ఇంకేం ఆలోచిస్తున్నవ్" అంటున్నాడు. నాన్నకేమో అప్పు అనగానే నిద్ర పట్టడం లేదు. లెక్క ఎట్లా వేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు లెక్కలు
తమ్ముడూ, అది 40 కాదు, 43. మన రాష్ట్రంలో 2021 జులై నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చు అన్నీ కలిపి 7.5 శాతం, పూర్తి ధరకు రాయించుకుంటే 3 లక్షలు, దానికి బ్యాంకు లోన్ ఇవ్వదు.
ఇక కిరాయి. ఏడాదికి 1.56 లక్షలు అని రాసుకోకు. ఒక్కో పోర్షన్ ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకో, 13 వేలు పోయినట్టే. ఇంటి పన్ను, మనిషి మారినప్పుడల్లా పెయింట్, బోరు మోటారు కాలిపోతే దాని ఖర్చు, అన్నిటికీ సగటున 18 వేలు తీసెయ్. మిగిలేది 1.25 లక్షలు. 43 లక్షల మీద అది మూడు శాతం కూడా కాదు.
30 లక్షలకు ఎనిమిదిన్నర శాతంతో 20 ఏళ్లయితే ఈఎంఐ 26 వేలు దాటుతుంది. అంటే నెలకు పదిహేను వేల పైన నీ జీతంలోంచే పోవాలి. మొదటి ఏడాది కట్టే 3.12 లక్షల్లో రెండున్నర లక్షలు మిత్తికే పోతాయి, అసలు తగ్గేది 60 వేలు.
టాక్స్ సంగతి బావకు సగమే తెలుసు. కిరాయిలో 30 శాతం తగ్గింపు నిజమే, మిత్తి కూడా తీసేస్తారు, కిరాయి మీద టాక్స్ పడదు. కానీ కొత్త టాక్స్ విధానంలో ఉంటే ఇంటి మీద వచ్చే నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు. నువ్వు ఏ విధానంలో ఉన్నావో ముందు చూసుకో.

రామగిరి ఇంటి ఓనర్
ఈ లెక్కలు నేను ఒప్పుకోను. 2011లో 11 లక్షలకు కొన్న ఇల్లు, 2024లో 45 ఇస్తామని ఇంటికొచ్చి అడిగారు. కిరాయి చూసుకుని ఎవరు కొంటారు, భూమి చూసుకుని కొంటారు. ఆ రోజు నేను కూడా మూడు శాతం, నాలుగు శాతం అని కూర్చుంటే ఈ రోజుకీ కిరాయింట్లోనే ఉండేవాడిని. మెడికల్ కాలేజీ వచ్చాక కిరాయికి అడిగేవాళ్లు కూడా పెరిగారు.

పాలమూరు లెక్కలు
సార్, మీరు కొన్నది మంచి ధరకు, కాదనను. ఏడాదికి 11 శాతం పైనే పెరిగింది. నేను చెప్పేది ఒకటే, పెరుగుదలను కిరాయి లెక్కలో కలపొద్దు. భూమి పెరుగుతుందని బ్యాంకు ఈ నెల ఈఎంఐ ఆపదు. మెడికల్ కాలేజీ 2019లో వచ్చింది సరే, 2016లో జిల్లా మూడు ముక్కలైనప్పుడు సూర్యాపేటకు, భువనగిరికి ఆఫీసులు పోయాయి కదా. ఊరికి వచ్చేవీ ఉంటాయి, పోయేవీ ఉంటాయి. 58 వేల జీతంలో నెలకు పదిహేను వేలు పెట్టి ఇరవై ఏళ్లు ఓపిక పట్టగలడా అన్నది తమ్ముడు తేల్చుకోవాలి.

జడ్చర్ల అక్క
నాకు పోలేపల్లి కంపెనీల్లో పనిచేసే పిల్లలు కిరాయికి ఉంటారు. గదులు ఖాళీగా ఉండవు, నిజమే, కానీ నాలుగైదు నెలలకోసారి మారిపోతారు, ప్రతిసారీ ట్యాపులు, స్విచ్చులు, సున్నం. ఆ టెన్షన్ ఎవరూ లెక్కలో రాయరు.
తమ్ముడూ, మీ నాన్నగారి ఇల్లు సొంతమేనా? పైన ఖాళీగా ఉంటే అక్కడే ఒక పోర్షన్ వేసుకో. నేను అట్లాగే వేశాను, భూమి కొనే పని లేదు, రిజిస్ట్రేషన్ లేదు. 17 లక్షలు పెట్టాను, నెలకు 7,500 వస్తుంది, ఏడాదికి 90 వేలు, అంటే ఐదు శాతం దాటింది. అయితే కింద పిల్లర్లు ఉండాలి, ఉట్టి గోడల మీద కట్టిన ఇంటిపై వేయకు.

మిర్యాలగూడ
ఇదంతా ఎందుకు, 13 లక్షలు రెండు రూపాయల మిత్తికి ఇస్తే నెలకు 26 వేలు.

జడ్చర్ల అక్క
వద్దు. మా తమ్ముడు అట్లాగే 6 లక్షలు ఇచ్చాడు. ఏడాది మిత్తి వచ్చింది, తర్వాత ఆగిపోయింది, మొహమాటానికి మూడేళ్లు దాటనిచ్చాడు, ప్రామిసరీ నోటు చెల్లకుండా పోయింది. అసలు రాలేదు.

కొత్తగా కొనేవాడు (నల్గొండ)
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం ఓనర్‌కు చెప్పకుండా ఆ వీధికి వెళ్లాను. కింద ఉన్నామె కట్టేది 5,500. రెండో పోర్షన్ దసరా నుంచి ఖాళీ. పక్కింటివాళ్లు కూడా ఐదున్నర దాటి రాదన్నారు. అంటే రెండూ నిండినా 11 వేలు, అన్ని ఖర్చులూ తీస్తే లక్ష మిగలడమే ఎక్కువ. ఆ ఇల్లు 40కి తీసుకోవడం లేదని బావకు చెప్పేశాను, ఆయన ఇంకా మాట్లాడడం లేదు.
అక్కా, మా ఇల్లు సొంతమే, 1998లో కట్టింది. పిల్లర్లు ఉన్నాయనే నాన్న అంటున్నాడు. ఆదివారం ఇంజినీర్‌ను పిలిచాను, చూసి ఏమంటాడో ఇక్కడే రాస్తాను.